మేరమ్మ పెట్టిన ప్రార్థన అంశం

సీతారామారావు గారి నోరు మూయించిన మనిషిని నా జన్మలో ఒక్కర్నే చూశాను. మా వీధి మేరమ్మ.

మధిర రోడ్డులో ఆయనకు మామిడికాయల షెడ్డు ఉంది. రెడ్డిగూడెం వైపు తోటలు గుత్తకు తీసుకుంటాడు. కోసిన కాయ ఆ షెడ్డుకు వస్తే ఆడవాళ్ళం ఏరి, ట్రేలకు సర్ది, లారీలకు ఎత్తిస్తాం. మా ముఠాకు మేస్త్రి మేరమ్మ. నాకు వయసు మీద పడిందని కూర్చుని చేసే పని ఇచ్చారు. కాయకు తొడిమ కత్తిరించి, సొన కారిపోయేలా బోర్లా పెట్టడం. అక్కడ కూర్చుని కళ్ళారా చూసిందే రాస్తున్నాను. ఎవరన్నా చెబితే విన్నదైతే, చెప్పిందెవరో కూడా రాస్తాను.

కొన్నేళ్ళ కిందట, ఎండలు ముదిరిన ఒక శనివారం సాయంత్రం. మేమంతా చేతులు కడుక్కుంటుంటే ఆయన వచ్చి నిలబడ్డాడు.

"రేపు లారీ వస్తోంది. అందరూ రావాలి."

"రేపు ఆదివారం అండి" అంది మేరమ్మ.

"కాయకి ఆదివారం తెలుసా మేరమ్మా? పండిపోద్ది."

"మొన్న మీ అమ్మాయి నిశ్చితార్థానికి షెడ్డుకి తాళమేశారు కదండీ. రావుగారింట్లో శుభకార్యమని అప్పుడు కాయకి ఎవరు చెప్పారు?"

వెనకాల ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన మొహం కందిపోయింది.

"అది కుటుంబం సంగతి. దానికీ దీనికీ పోలికేంటి?"

"ఇదీ కుటుంబం సంగతేనండి. వేసవి అంతా చీకటితో వస్తున్నాం, చీకటితో పోతున్నాం. ఆదివారం ఒక్కరోజన్నా ఇంట్లో లేకపోతే మా పిల్లలు మమ్మల్ని సొన వాసన చూసి గుర్తుపట్టాలి. దేవుడే లోకాన్నంతా చేసి ఒకరోజు కూర్చున్నాడు. ఆయన కన్నా మీ లారీకి తొందరా?"

"నీకు దేవుడున్నాడమ్మా. నాకు ఢిల్లీ సేటున్నాడు."

"అయితే ఆ సేటునే వచ్చి ఏరుకోమనండి."

తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి, ఆయన కూర్చునే కుర్చీలో పడేసి, మేరమ్మ బయటికి నడిచింది. వెనకే ఒక్కొక్కరూ గుడ్డ విప్పి పడేశారు. చర్చికి రాకుండా ఏటా నెమలి ఊరి గుడి తిరునాళ్ళకు పోయే ఆడవాళ్ళు కూడా పడేశారు. వాళ్ళకు మాత్రం పిల్లలు లేరా? సొన మరకల గుడ్డలు కుర్చీ నిండిపోయాయి. కూర్చోడానికి చోటు లేక ఆయన నిలబడే ఉన్నాడు. చివరికి, "సోమవారం తెల్లారకముందే రండి మరి" అని గొణిగాడు.

ఆనాటి నుంచి ఆ షెడ్డులో ఆదివారం పని లేదు. ఆ ఆదివారాలు మాకు ఎంత మేలు చేశాయో చెప్పలేను. చర్చికి పోయి వచ్చి కూర వండుకున్నాం, పిల్లలకు తలంటు పోశాం, మధ్యాహ్నం మనవల పక్కన నడుం వాల్చాం. ఆదివారం ఇంట్లో కనపడనిది ఒక్క మేరమ్మే.

ఆమె ఆదివారం ఎలా ఉంటుందంటే, పొద్దున ఆరాధన, అది అవగానే స్త్రీల సమాజం. అక్కడి నుంచి రోగుల పరామర్శ. సాయంత్రం ఆటో కట్టించుకుని పెనుగొలనులోనో ఇంకో ఊళ్ళోనో గృహకూటం. ఎవరింట్లో ప్రార్థన పెట్టుకున్నా మేరమ్మ ఉండాలి. పక్కింటి బిడ్డకు జ్వరం వస్తే మోకాళ్ళ మీద తెల్లవార్లూ ఉంటుంది. సొంత ఇంట్లో మొగుడు జోజప్ప అన్నం వార్చుకుని, పప్పు తాలింపు పెట్టుకుని, పెళ్ళాం పళ్ళెం మీద మూత పెట్టి పడుకుంటాడు. జోజప్ప వాళ్ళు ఆర్.సి.ఎం. వాళ్ళు, అంటే కాథలిక్కులు. పెళ్ళయిన కొత్తలోనే మేరమ్మ అతన్ని మా సంఘంలోకి లాక్కొచ్చింది. తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి తను వేదిక దగ్గరకు పోయింది. ఆ మనిషి ఇప్పటికీ ఆ బెంచీ మీదే ఉన్నాడు.

ఒకసారి నేను వెటకారానికి అడిగాను. "ఏం జోజప్పా, మీ ఆవిడ ఇంటికొస్తుందా?"

"వస్తదండి. ఎవరికన్నా జబ్బు చేస్తే ప్రార్థన చెయ్యడానికి వస్తది."

నవ్వుతూ అనలేదు. ఏడుస్తూనూ అనలేదు. బస్సు ఎన్నింటికి వస్తుందో చెప్పినట్టు చెప్పాడు.

ఆ ఇంట్లో ఒక్కతే కూతురు, గ్లోరి. చిన్నప్పుడు ఆ పిల్లకు టైఫాయిడ్ వచ్చి కళ్ళు తేలేసింది. మేరమ్మ బిడ్డను ఎత్తుకొచ్చి చర్చి మధ్యలో పడుకోబెట్టి, "నా బిడ్డ కోసం అడగండి" అని అరిచింది. ఉన్నవాళ్ళంతా మోకరించారు. నేనూ మోకరించాను. పిల్ల బతికింది. మాత్రలు కూడా వేశారు గాని, దేవుడు చేసిన మేలని మేరమ్మ చర్చిలో చెప్పిన సాక్ష్యంలో ఆ సంగతి రాలేదు. ఆ రోజు నుంచి మేరమ్మకు ఒక నమ్మకం పడిపోయింది. తల్లి ఒక్కతే అడిగితే చాలదు, వందమంది అడగాలి. వందమంది అడగాలంటే వందమందికి తెలియాలి.

మాలో ప్రార్థన అంశం అని ఒకటుంది. కష్టం వచ్చినవాళ్ళు కూటంలో లేచి చెబుతారు, మిగతావాళ్ళు దాని కోసం ప్రార్థిస్తారు. మంచిదే. నా కంటి ఆపరేషనుకు నేనూ పెట్టాను. అయితే ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకోవాలి. మేరమ్మ పక్కవాళ్ళది చెబుతుంది. ఫలానా ఆమె భర్త తాగుడు మానాలని, ఫలానా వాళ్ళ కోడలికి కడుపు నిలవాలని, పేర్లతో సహా. చెబుతూ ఏడుస్తుంది కూడా. ఆ ఏడుపు నటన కాదు. అదే వచ్చిన చిక్కు. నటన అయితే పట్టుకుని జాడించేదాన్ని.

గ్లోరి లెక్కల్లో తప్పినప్పుడు ప్రార్థన అంశం. గ్లోరికి మొహమంతా మొటిమలు వచ్చినప్పుడు ప్రార్థన అంశం. పెద్దమనిషి అయినప్పుడు కృతజ్ఞతలు. పాటలు పాడే మగపిల్లలంతా ముందు వరసలో కూర్చుని ఉండగా, "దేవుడు నా బిడ్డను ఇంటిదాన్ని చేసే దారిలో పెట్టాడు" అని మైకులో చెప్పింది. ఆ పిల్ల చాలా రోజులు చర్చి మెట్టు ఎక్కలేదు. పెళ్ళయ్యాక మొదటి కడుపు పోతే, కడుపు వచ్చిందన్న సంగతీ పోయిందన్న సంగతీ ఊరికి ఒకే ఆదివారం తెలిశాయి.

ఇంత తెలిసిన పిల్ల మళ్ళీ తల్లికే ఎందుకు చెప్పిందని మీరడగవచ్చు. తల్లి కదండీ. ఇంకెవరికి చెబుతుంది?

పోయిన మే నెలలో గ్లోరి వచ్చింది. బెజవాడలో ప్రైవేటు బడిలో టీచరు. భర్త నవీన్ కుమార్ ఏదో కాలేజీలో క్లర్కు. రెండో తరగతి చదివే కూతురు ఆరాధన. బళ్ళకు సెలవులు, పుట్టింటికి వచ్చింది అనుకున్నారు అందరూ. నేను మొహం చూసి ఆగాను.

"ఏమే టీచరమ్మా, ఇలా అయిపోయావేంటే?"

"ఎండలు పెద్దమ్మా."

ఎండకు నల్లబడతారు గాని సున్నం కొట్టిన గోడలా తెల్లబడతారా? 

పుట్టింట్లో ఉందన్న మాటే గాని ఆ పిల్లకు తల్లి దొరకలేదు. తెల్లారకముందే షెడ్డు. పొద్దుగూకాక మా చర్చి వేసవిలో పెట్టే ఉజ్జీవ సభల ఏర్పాట్లు. పందిరి, వంటలు, బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు పడక, అన్నీ మేరమ్మ చేతుల మీదే. ఇంటికి వచ్చి నోట్లో ముద్ద పెట్టుకుంటూనే నిద్రపోయేది. గ్లోరి పక్కన కూర్చుని "అమ్మా" అంటే "ఊఁ" అనేది నిద్రలోనే.

"అమ్మతో ఒక్క అరగంట మాట్లాడాలి పెద్దమ్మా. ఎప్పుడు తీరిగ్గా ఉంటుంది?" అని నన్నడిగింది.

"కాయ అయిపోయాక. జూన్ దాటాక రా" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

చివరికి తనే షెడ్డుకు వచ్చింది. తలకు గుడ్డ కట్టుకుని, తల్లి పక్కన కూర్చుని, కాయలు ఏరడం మొదలుపెట్టింది. సుద్దముక్క పట్టే చేతులు. తొడిమ తుంచగానే సొన మణికట్టు మీద చిమ్మి అక్కడికక్కడే కాలింది. చేయి విదిలించుకుంది గాని లేవలేదు. నేను వాళ్ళకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాను.

"చెప్పవే" అంది మేరమ్మ. "చేతులకి పనుంది గాని చెవులు ఖాళీయే."

"ఇక్కడ కాదమ్మా. బయటికి రా."

"ఇక్కడెవరున్నారు? మీ పెద్దమ్మేగా. ఆమె చెవులు ఎప్పుడో పోయినయ్."

నా చెవులు ఇప్పటికీ బల్లి పాకినా వింటాయి. ఆ మాటకు తర్వాత బుద్ధి చెబుదామని ఊరుకున్నాను.

గ్లోరి గొంతు తగ్గించి చెప్పింది. గర్భసంచిలో గడ్డలు. నెలనెలా రక్తం ఆగడం లేదు. సంచి తీసెయ్యాలన్నారు డాక్టరమ్మ. సెలవుల్లోనే అయిపోవాలి, బడి తెరిస్తే వీలుపడదు. నవీన్‌కు తెలుసు, ఒప్పుకున్నాడు. అత్తగారికి మాత్రం చెప్పలేదు. ఆవిడ మగపిల్లాడి కోసం కాచుకుని కూర్చుంది.

"ఓస్, గర్భసంచేనా!" అంది మేరమ్మ. షెడ్డు అవతలి కొసదాకా వినపడింది. "ఈ షెడ్డులో చూడు, సగం మందికి లేదు. కుట్లు ఆరీ ఆరకముందే వచ్చి ట్రేలు మోశారు."

"అమ్మా! మెల్లగా."

"సరే, సరే."

"నాకు భయంగా ఉందమ్మా. నువ్వు రావాలి. కుట్లు ఆరేదాకా నా దగ్గరుండు. గడ్డ తీశారని మాత్రమే మా అత్తయ్యకి చెబుతాం. మిగతాది నవీన్ తర్వాత మెల్లగా చెబుతానన్నాడు. ఆవిడ ఇప్పుడు రెడ్డిగూడెంలో వాళ్ళ తమ్ముడింట్లో ఉంది. ఈ లోపల చెవిన పడితే నన్ను బతకనివ్వదు."

మేరమ్మ చేతులు ఆగాయి. గుమ్మంలో లారీ ఉండగా ఆమె చేతులు ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

"వస్తానే. నువ్వడగాలా? రావుగారు కాదు, ఆయన బాబు అడ్డం పడ్డా ఆగను."

గ్లోరి తల్లి భుజం మీద తల ఆనించింది. అది చూసి మేరమ్మ నిజంగానే వెళుతుందని నేనూ నమ్మాను. అబద్ధాలాడే మనిషి కాదు. ఆ నిమిషంలో ఆమె మనసు బెజవాడలోనే ఉంది.

"ఎవరికీ చెప్పొద్దమ్మా."

"మనుషులకి ఎందుకు చెబుతానే పిచ్చిదానా? దేవుడికి చెబుతాను."

మా సంఘంలో దేవుడికి చెప్పడమంటే మైకులో చెప్పడం. నేను ఇటు తిరిగాను.

"మేరమ్మా, దేవుడికి చెబితే గుసగుసగా చెప్పు. ఆయన చెవులేం నా చెవుల్లాగా పోలేదు."

"ముసలిదానికి వినపడిందే!" అని నవ్వింది మేరమ్మ. గ్లోరి నవ్వలేదు. నా వంక చూసింది. ఆ చూపులో, 'నువ్వైనా చూడు పెద్దమ్మా' అన్నట్టుంది. నేను ఏం చూడగలను? నాకు ఎవరూ మైకు ఇవ్వరు. ఇస్తే ఏం మాట్లాడతానో వాళ్ళకు తెలుసు.

సభలు మొదలయ్యాయి. పెద్ద పందిరి, నాలుగు వైపులా హార్నులు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద జనం. మొదటి రోజు బాగానే జరిగింది. రెండో రోజు సాయంత్రం పాటలయ్యాక ప్రభుదాసు పాస్టరు గారు, "ప్రార్థన అంశాలు సహోదరి మేరమ్మ గారు చెబుతారు" అన్నారు.

మేరమ్మ తెల్లచీర కట్టుకుని, ముసుగు సర్దుకుని మైకు పట్టుకుంది. వరసగా చెప్పుకుంటూ పోతోంది. ఎవరిదో పొలం తగాదా, ఎవరికో పక్షవాతం. గ్లోరి మూడో వరసలో కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని ఉంది. నేను వెనక వరసలో, గుంజకు ఆనుకుని. నాకు రెండు బారల దూరంలో రెడ్డిగూడెం ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యన నవీన్ కుమార్ తల్లి, మెళ్ళో శిలువ గొలుసు, చేతిలో విసనకర్ర.

మేరమ్మ ఆవిడను చూడలేదంటే ఎవరూ నమ్మరు గాని, నేను నమ్ముతాను. మైకు పట్టుకుంటే మేరమ్మకు జనం కనపడతారు, మనుషులు కనపడరు.

"చివరిగా, నా కన్నబిడ్డ కోసం" అంది.  "నా బిడ్డ గ్లోరికి గర్భసంచి తీసెయ్యాలని డాక్టర్లు చెప్పారు. ఇంకా మగబిడ్డ లేడు. చిన్న వయసు. అత్తింటివాళ్ళకి చెప్పుకోలేక నా బిడ్డ కుమిలిపోతోంది. పదండి, కన్నీళ్ళతో అడుగుదాం."

పందిరి పందిరంతా మోకాళ్ళ మీద పడింది. ఏడుపులు, కేకలు. ఆ మాటలు హార్నుల్లోంచి బస్టాండు దాకా పోయాయి. టీ బండి దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా గ్లోరి కడుపు సంగతి తెలిసింది. అంతమందిలో కూర్చునే ఉన్నది ఇద్దరు. ఒకరు గ్లోరి. ఇంకొకరు ఆమె అత్తగారు. ఆవిడ విసనకర్ర ఆగిపోయింది.

"అమ్మా, అమ్మమ్మ నీ పేరే చెబుతోంది" అంది ఆరాధన సంబరంగా.

కూటం అయ్యాక నీళ్ళ డ్రమ్ము దగ్గర అత్తగారు మేరమ్మను పట్టుకుంది. జనం చుట్టూ ఉన్నారు. ఆవిడా గొంతు తగ్గించలేదు. ఎందుకు తగ్గించాలి?

"మంచి సాక్ష్యం చెప్పావు వదినా. మా ఇంటి సంగతి నాకు మైకులో తెలిసింది. నేను పిచ్చిదాన్ని, మనవడు పుడితే పెడదామని పేరు కూడా అనుకున్నాను."

"అది కాదు వదినా, బిడ్డ బాగుపడాలని..."

"బాగుపడనీ. నాకు చెప్పకుండా కోయించుకునేది నాకు చెప్పకుండానే కోలుకుంటది. నన్ను మాత్రం ఆసుపత్రికి పిలవొద్దని చెప్పు."

ట్రాక్టరు ఎక్కి వెళ్ళిపోయింది. గ్లోరి అక్కడే నిలబడి ఉంది. మేరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కూతురి భుజం పట్టుకుంది.

"ఆవిడ మాటలు పట్టించుకోకే. చూశావా, నీకోసం ఎంతమంది ఏడ్చారో?"

గ్లోరి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. విసిరికొట్టలేదు. కాయను ట్రేలో పెట్టినట్టు మెల్లగా పెట్టింది.

"నాకు వాళ్ళు ఏడవడం అక్కర్లేదమ్మా. నువ్వు వస్తే చాలనుకున్నాను. ఇప్పుడు నువ్వూ రావొద్దు."

పొద్దున్నే మొదటి బస్సుకు బిడ్డను తీసుకుని వెళ్ళిపోయింది. బస్టాండుకు సంచి మోసింది జోజప్ప.

కోపంలో బిడ్డలు లక్ష అంటారు. తల్లి ఆ మాటలు పడి, సంచి సర్దుకుని వెనకాల పోవాలి. మేరమ్మ ఆ మాటను సెలవు చీటీలాగా మడిచి పెట్టుకుంది. "రావొద్దందిగా అక్కా" అని షెడ్డులో నాతో ఒకటికి నాలుగుసార్లు అంది. అంటూనే కాయలు ఏరింది. రావుగారు ఆ వారం ఆమెను ఆపలేదు, అడగనూ లేదు. ఆమే వెళ్ళలేదు.

వెళ్ళకపోగా ఏం చేసిందో తెలుసా? గొలుసు ప్రార్థన పెట్టింది. గంటకో ఇల్లు చొప్పున, ఒక ఇంట్లో ఆపగానే ఇంకో ఇంట్లో మొదలుపెట్టాలి. గ్లోరి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పగలూ రాత్రీ తెగకూడదు. ఎవరు మరిచిపోతారోనని మేరమ్మ ఇల్లిల్లూ తిరిగి తలుపు కొట్టింది. షెడ్డు నుంచి రాగానే అదే పని. నిద్ర లేదు, తిండి లేదు, కాళ్ళు వాచాయి. బెజవాడ పోయి బిడ్డ మంచం పక్కన కూర్చుంటే కాస్త కునుకైనా తీసేది. బిడ్డ కోసం అంత కష్టపడిన తల్లిని నేను చూడలేదు. బిడ్డకు అంత అక్కరకు రాని తల్లినీ చూడలేదు.

నా ఇంటి తలుపూ కొట్టింది. "నీ గంట వచ్చిందక్కా."

"నేను చేసుకున్నాను పొద్దున్నే, నా మటుకు నేను. నీ గొలుసులో నన్ను కట్టకు. నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావే?"

"నేను పోతే గొలుసు తెగుతుందక్కా."

 తలుపు వేసుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళింది జోజప్ప. ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను రానివ్వరు, చూడనిచ్చే వేళ తప్ప. అల్లుడు మెట్ల మీద ఒక పక్క, మామ ఒక పక్క. జోజప్ప ఫ్లాస్కూ, బొప్పాయి ముక్కల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడట. లోపలికి ఏదైనా పంపాలంటే ఆయా దయ. ఆపరేషను అయిన మర్నాడు అతను మేరమ్మకు ఫోను చేశాడు. షెడ్డులో స్పీకరు పెట్టి మాట్లాడింది, చేతులకు సొన ఉందని. అందరం విన్నాం.

"ఎలా ఉందయ్యా బిడ్డ? ఇక్కడ గొలుసు తెగకుండా నడుస్తోంది. చెప్పు దానికి."

"ప్రార్థన బాగానే అందుతోంది" అన్నాడు జోజప్ప. "బాత్రూముకి తీసుకెళ్ళే మనిషే లేదు. పక్క మంచం వాళ్ళ అమ్మ తీసుకెళ్ళింది. వాళ్ళు ఇవాళ ఇంటికెళ్ళిపోతున్నారు."

 మేరమ్మ చేతిలో కాయను ట్రేలో పెట్టింది. తర్వాత చేతులు కూడా కడుక్కోకుండా రోడ్డు మీదికి పోయి బస్సెక్కింది.

అక్కడ జరిగింది జోజప్ప నాకు చెప్పాడు. మేరమ్మ వెళ్ళేసరికి చూడనిచ్చే వేళే. జోజప్ప మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. నవీన్ కూతుర్ని తీసుకొచ్చాడు. గ్లోరి కళ్ళు తెరిచే ఉంది.

"నొప్పిగా ఉందా నాన్నా?" అంది మేరమ్మ.

"లేదు."

"ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను."

"రక్తం ఎక్కించారా? డాక్టరమ్మ ఏమంది?"

"బాగుందంది."

బాగుండడం ఏంటి, పొద్దున్నుంచి జ్వరం కాస్తోందని, పక్క గుడ్డలు మార్చే దిక్కు లేక అలాగే ఉందని జోజప్పకు తెలుసు. కూతురు అతని వంక చూసి తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని. అతను చెప్పలేదు. మేరమ్మ దుప్పటి తీయబోతే గ్లోరి రెండు చేతులతో దుప్పటి పట్టుకుంది. కుట్ల మీద నొప్పి పుట్టి మొహం ముడుచుకుపోయింది గాని దుప్పటి వదల్లేదు. పరాయి ఆడది వచ్చి తడుముతుంటే కప్పుకున్నట్టు కప్పుకుంది.

ఏం చెయ్యాలో తెలియక మేరమ్మ మనవరాలిని దగ్గరకు తీసుకుంది.

"బంగారూ, పొద్దున ఏం తిన్నావే?"

ఆరాధన తల్లి మొహం చూసింది. తర్వాత అమ్మమ్మ మొహం చూసింది.

"అమ్మమ్మకి ఏమీ చెప్పకూడదంది అమ్మ."

గ్లోరి కాదనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. గంట కొట్టి మగవాళ్ళను బయటికి పంపేశారు. మేరమ్మను పంపలేదు, ఆడవాళ్ళు ఉండవచ్చు కదా. ఉంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంటే గ్లోరి ఆయాను పిలిచి, "నన్ను కొంచెం బాత్రూముకి తీసుకెళ్ళమ్మా" అని బతిమాలుకుంది. తల్లి లేచి చెయ్యి అందించింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. పిల్ల ఆయా కోసమే చూస్తూ ఉంది. ఆయా వచ్చేదాకా బిగబట్టుకునే ఉంది.

ఈ చివరి ముక్క జోజప్పది కాదు. మేరమ్మే చెప్పింది నాకు.

మర్నాడు సాయంత్రం నేను గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తున్నాను. మేరమ్మ బస్టాండు వైపు నుంచి వచ్చి నా అరుగు మీద కూలబడింది. నిన్నటి చీరే. చేతుల మీద సొన నల్లగా ఎండిపోయింది. మంచినీళ్ళు అడిగింది. కుండ అక్కడే ఉంది, ముంచుకోమన్నాను. లేవలేదు.

"ఎందుకొచ్చావే? అక్కడుండక?"

"నేనుంటే అది కదలడం లేదక్కా. పక్కకి తిరగడం లేదు, మూలగడం లేదు. నేనున్నంతసేపూ పళ్ళు బిగించుకునే ఉంది. నేను లేచి గుమ్మం దాటాక మూలిగింది. వినపడింది నాకు."

"విన్నావుగా. వచ్చే ఆదివారం చెప్పు మైకులో."

ఇంకొకరైతే లేచి పోయేవాళ్ళు. మేరమ్మ ఆ దెబ్బ కాచుకోలేదు. తల ఊపింది.

"చెబుతానక్కా. అదే నా భయం. బస్సులో వస్తూ వస్తూ అనుకున్నాను, దీన్ని ఎవరికీ చెప్పకూడదు, ఎవరికీ చెప్పకూడదు అని. పక్క సీట్లో ఒకామె 'ఏంటమ్మా ఏడుస్తున్నావ్' అంది. మైలవరం రాకముందే అంతా చెప్పేశాను. ఆమె ఎవరో కూడా నాకు తెలియదు."

నేను మునగాకు పక్కన పెట్టాను. ఎన్నో ఏళ్ళుగా ఈ మనిషికి తగలాలని నేను విసిరిన మాటలు ఒక్కటీ తగల్లేదు. ఇప్పుడు విసరడానికి నా దగ్గర ఏమీ లేదు. జాలి పడ్డానని అనుకోకండి. జాలి పడాల్సిన పిల్ల బెజవాడలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"అయితే నన్నేం చెయ్యమంటావ్?"

"నువ్వెళ్ళక్కా. రేపు మొదటి బస్సుకి వెళ్ళు. నీ చెయ్యైతే పట్టుకుంటుంది. దాన్ని లేపు, కడుగు, గుడ్డలు మార్చు. మాట్లాడితే విను. నీకన్నీ చెబుతుంది, చిన్నప్పట్నుంచీ నీ దగ్గరే చెప్పేది, నాకు తెలుసు."

"చెబితే?"

మేరమ్మ రెండు చేతులతో నా మోకాలు పట్టుకుంది. ఎండిన సొన గరుకు నా చీర మీద గీసుకుంది.

"నాకు చెప్పకు. నువ్వు తిరిగొచ్చాక నేను వచ్చి అడుగుతాను, ఏడుస్తాను, తల్లిని కదా అంటాను. ప్రార్థనకంటాను. అయినా చెప్పకు. నొప్పి తగ్గిందన్నా చెప్పకు, తగ్గలేదన్నా చెప్పకు. నా పేరు ఎత్తినా సరే అక్కా, నాకు చెప్పకు."